పిండికోడి నుంచి మీల్ మేకర్ దాకా

శాకాహారులు మాంసాన్ని పోలిన పదార్థాలు ఎందుకు తింటారు? సోయా "చికెన్", గోధుమ "సాసేజి", బఠాణీ "బర్గర్" ప్రవాసాంధ్రుల ఫ్రిజ్జుల్లోకి వచ్చిన నాటి నుంచి ఈ ప్రశ్న ఇంటింటా వినిపిస్తోంది. "మాంసం వద్దనుకున్నవాళ్ళకి దాని పేరెందుకు, ఆకారమెందుకు?" అని పెద్దలు ముఖం చిట్లిస్తారు. "ఇందులో మాంసం లేదు కదా!" అని పిల్లలు వాదిస్తారు. ఈ తగవు అమెరికాలో పుట్టిందని చాలామంది అనుకుంటారు. కాని మన దేశంలోనే దీనికి వెయ్యేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

పిష్టపశువు

మనుస్మృతి అయిదవ అధ్యాయంలో ఒక వెసులుబాటు కనిపిస్తుంది. మనసు లాగితే నేతితోనో పిండితోనో పశువును చేసుకోవచ్చు గాని, నిష్కారణంగా ప్రాణిని చంపాలని మాత్రం కోరుకోరాదని దాని భావం. పిండితో చేసిన ఈ పశువునే పిష్టపశువు అన్నారు. పదమూడవ శతాబ్దిలో మధ్వాచార్యులవారు యజ్ఞాల్లో జీవహింసకు బదులు పిష్టపశువు చాలునన్నారు. గుమ్మడికాయ కొట్టి కుంకుమ అద్దే మన ఆచారం కూడా బలికి బదులుగా వచ్చిందే. తంతు మిగిలింది, ప్రాణి బతికింది.

అందరూ దీన్ని ఒప్పుకోలేదు. ఎదురువాదం వినిపించినవారు మన తెలుగుగడ్డకు సంబంధించినవారే కావటం విశేషం. వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో సోమదేవసూరి అనే జైన పండితుడు 959లో "యశస్తిలక చంపువు" పూర్తి చేశారు. అందులో యశోధరుడనే రాజును దేవికి జంతుబలి ఇమ్మని తల్లి ఒత్తిడి చేస్తుంది. చంపటం ఇష్టం లేని రాజు, తల్లి మాట కాదనలేక, పిండితో చేసిన కోడిని కత్తితో నరికి, దాన్నే మాంసమని భావించి తింటాడు. ఆ పాపానికి తల్లీకొడుకులిద్దరూ ఎన్నో జంతుజన్మలు ఎత్తవలసి వస్తుంది. పిండికోడికి ప్రాణం లేకపోవచ్చు, కాని నరికిన చేతి వెనుక చంపే సంకల్పం ఉందని జైనుల వాదం. సోయా ముక్క చూసి ముఖం చిట్లించే మన పెద్దలు, తెలియకుండానే, ఆ వాదాన్నే వినిపిస్తున్నారు.

అతిథి కోసం

చైనాలోనూ ఇదే కథ నడిచింది. బౌద్ధాన్ని గాఢంగా నమ్మిన లియాంగ్ వంశపు చక్రవర్తి వూ, పితృదేవతల ఆలయంలో పశుబలి మాన్పించి, పిండితో చేసిన పశువులను పెట్టమని 517లో ఆజ్ఞాపించాడు. మన పిష్టపశువుకు అది తోబుట్టువు!

తొమ్మిదవ శతాబ్దిలో త్సుయ్ ఆన్‌చ్యెన్ అనే ఉన్నతాధికారి ఉండేవాడు. ఆయన బౌద్ధుడు, శాకాహారి. విందుకు వచ్చే అతిథులు మాత్రం మాంసప్రియులు. వారికి ఆయన వంటవాళ్ళు పిండితోను, మన కందకు దగ్గరి చుట్టమైన ఒక దుంపతోను, రంగులు అద్ది పంది జబ్బ, గొర్రె కాలు అచ్చం నిజమైనవేనన్నట్టు చేసి వడ్డించేవారట. ఆయన నాలుక చాపల్యంతో ఆ పని చేయలేదు. అతిథి చిన్నబోకూడదు, తన వ్రతమూ చెడకూడదు. రెండూ నిలవటానికి ఆ వంటకం పుట్టింది.

గోధుమపిండి ముద్దను నీళ్ళలో పిసికి కడిగితే గంజి పోయి, సాగే ముద్ద ఒకటి మిగులుతుంది. నమిలితే మాంసంలా అనిపించే ఈ ముద్దే చైనా బౌద్ధుల వంటకు ఆధారమైంది.

అలవాటు మానేవారి కోసం

ఇక మనం ఉంటున్న అమెరికా సంగతి. మిచిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్‌లో సెవెన్త్ డే అడ్వెంటిస్టులనే క్రైస్తవులు నెలకొల్పిన వైద్యశాలకు 1876లో డాక్టర్ జాన్ హార్వే కెల్లాగ్ అధిపతి అయ్యారు. అక్కడ భోజనం శాకాహారమే. వచ్చే రోగులు పుట్టినప్పటి నుంచి మాంసం తిన్నవాళ్ళు. వాళ్ళ కోసం ఆయన వేరుశెనగతో "నట్టోస్", గోధుమ జిగురు, వేరుశెనగ కలిపి "ప్రోటోస్" తయారు చేయించారు. మాంసం మానేవాడికి అవి ఊతకర్రలు.

1960లలో ఆర్చర్ డేనియల్స్ మిడ్‌లాండ్ కంపెనీ, నూనె తీసిన సోయాపిండిని తడిపి, వేడిలో, ఒత్తిడిలో యంత్రం కన్నాల గుండా తోసి, స్పంజిలా ఉబ్బే ముక్కలు తయారు చేసింది. ఆ జాతి ముక్కలనే మన తెలుగిళ్ళలో మీల్ మేకర్ అంటాం. విచిత్రమేమంటే, మీల్ మేకర్ కుర్మా వడ్డిస్తే మాంసం తలుచుకుని అభ్యంతరం చెప్పేవారు అరుదు. గోదావరి జిల్లాల పెళ్ళిళ్ళలో పనసకాయ బిర్యానీ సంగతీ అంతే. మసాలా అదే, నమిలే తీరూ దగ్గరే, కాని పేరులో మాంసం లేదు. మనల్ని బాధించేది పదార్థం కన్నా పేరే కాబోలు!

1995లో థాంక్స్‌గివింగ్ పండుగకు టర్కీ కోడి బదులు "టోఫర్కీ" బజారులోకి వచ్చింది. అందరితోపాటు బల్ల దగ్గర కూర్చోవాలనే కోరికే దాని వెనుకా ఉంది. 2016లో వచ్చిన "ఇంపాసిబుల్ బర్గర్" కోస్తే రక్తంలాంటి ఎర్రటి రసం ఊరుతుంది. అది ముఖ్యంగా మాంసాహారుల కోసం చేసినది. దాన్ని చూసి మన శాకాహారులు కొందరు వెనుకాడితే ఆశ్చర్యం లేదు.

మన పంక్తిలో

ఇన్ని శతాబ్దాల కథలోనూ ఎక్కువగా కనిపించేది మాంసం మీద మోజు కాదు. తంతు తప్పకూడదనుకున్న యాజ్ఞికుడు, అతిథిని నొప్పించలేని గృహస్థు, పాత అలవాటు వదులుకుంటున్న రోగి, బడిలో స్నేహితుల పక్కన అదే ఆకారం తిండితో కూర్చోవాలనుకునే మన పిల్లవాడు, అందరూ ఒకే దారిన నడిచారు. తమ నియమం విడవకుండా నలుగురితో కలిసి తినాలన్నదే వారి ఆశ.

అయినా సోమదేవసూరి హెచ్చరిక కొట్టిపారేయదగినది కాదు. ముద్ద నోట పెట్టుకోగానే ఎవరి మనసులో మాంసం మెదిలి బాధ కలుగుతుందో, వారికి అది వద్దు. కనుక మన సంఘ భోజనాల్లో ఇలాంటి వంటకం తెచ్చినవారు అదేమిటో చీటీ రాసి పెట్టటం మర్యాద. కొన్నిటిలో గుడ్డు కూడా కలుస్తుంది. అందుచేత పెట్టె మీది వివరాలు చదివి తేవటం అవసరం. తినేవారిని వేళాకోళం చేయవద్దు, తిననివారిని బలవంతపెట్టవద్దు. ఇద్దరి వెనుకా వెయ్యేళ్ళ సంప్రదాయం ఉంది.