మోటారు బండి రంగు: దాని పూర్వచరిత్ర

పాత మోటారు బండిని కొని, ఇంటి వాకిటనే విప్పి, బాగుచేసి, రంగు వేసి తిప్పుకొను వేడుక ఈ దినములలో పట్టణములందే గాక పల్లెలందును కనబడుచున్నది. వంగరాష్ట్రములోని ఉత్తరపారాలో తయారగుచు 2014లో ఆగిపోయిన అంబాసిడరు బండిని నేడు ముచ్చటపడి వెదకి తెచ్చుకొనువారు కలరు. ఇంజనును గూర్చియు, గేర్లను గూర్చియు చెప్పగల మేస్త్రీలు ఎందఱో ఉన్నారు. నేను చెప్పబూనినది పైపూత మాట మాత్రమే.

రంగు అనగా అలంకారమని సామాన్యుల అభిప్రాయము. కాని పాత బండిమీది రంగు దాని జాతకచక్రము వంటిది. బండి ఏ కాలమున పుట్టెనో, ఎన్ని చేతులు మాఱెనో, ఎక్కడ దెబ్బ తగిలెనో రంగే చెప్పును. కావున గీకుటకు ముందు దానిని చదువవలెను. చదువుటకు లిపి తెలియవలెను గదా! ఆ లిపి ఎట్లు పుట్టినదో కొంత విన్నవించెదను.

మోటారు వచ్చిన తొలి దినములలో దానికి ప్రత్యేకమైన రంగు లేదు. గుఱ్ఱపు బండ్లకు వేయు రంగునే దానికిని వేసిరి. సీసపు సఫేదాను అవిసెనూనెలో నూఱి మొదటి పూత పూయుదురు. దానిమీద లప్పము. అది గట్టిపడిన పిదప ప్యూమిసు అను అగ్నిపర్వతపు రాతితో నీరు పోయుచు నునుపుగా అరుగదీయుదురు. మరల పూత, మరల అరుగదీత. ఆ పిమ్మట కుంచెతో రంగు, దానిపైన చెట్ల బంకలను నూనెలో కాచి చేసిన వార్నీషు. అవిసెనూనె నీటివలె ఆవిరియై ఎండునది కాదు. గాలిలోని ప్రాణవాయువును మెల్లమెల్లగా గ్రహించి గట్టిపడునది. దానిని తొందరపెట్టుట ఎవరి తరమును కాదు. ఒక్కొక్క పూతకు ఒక్కొక్క నిరీక్షణము. ఇట్లు ఒక బండికి వారములు పట్టుచుండెను. హైదరాబాదు ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆజ్ఞాపించిన పసుపుపచ్చని రోల్సు రాయిసు బండి అట్టి కాలము నాటిది. 1911లో ఆయన గతించెను. బండి 1912 నాటిది. దాని పై భాగమును నిర్మించినది బార్కరు అను లండను బండ్ల సంస్థ. చౌమహల్లా ప్రాసాదమునకు పోయినవారు దానిని చూచియుందురు.

రాజులకు వారములు నిలుచుట కష్టము కాదు. కష్టము వచ్చినది అమెరికాలో ఫోర్డునకు. ఆయన 1908లో టి మాదిరి బండిని విడుదల చేసెను. 1913లో దాని చట్రమును కూర్చుటకు పండ్రెండు గంటలకు పైగా పట్టుచుండగా, బండిని మనుష్యుల యొద్దకు నడిపించు కొత్త పద్ధతిచే 1914 నాటికి 93 నిమిషములలో ముగించిరి. గంటన్నరలో కూర్చిన బండి రంగెండుటకై నెలదినములు నిలిచినచో వాని నన్నిటిని దాచుటకు కప్పు ఎక్కడిది? పెట్టిన సొమ్ము మరలుట ఎప్పుడు? కోసిన పంట కళ్లములో నుండగా మబ్బును చూచి గుండె పట్టుకొను రైతులకు ఈ సంగతి విడమఱచి చెప్పనక్కఱలేదు.

అందుచే ఫోర్డు ఆస్ఫాల్టు అను తారుజాతి ఖనిజమును నూనెతో కలిపిన నల్లని పూతను ఆశ్రయించెను. దీనిని జపాను అందురు. జపాను దేశమున చెట్టుపాలతో చేయు నల్లని నునుపు పనిని చూచి, ఐరోపావారు మఱియొక పదార్థముతో చేసిన అనుకరణమునకు ఆ పేరు వచ్చినది. చక్రములపై రేకులను ఆ ద్రవములో ముంచి కొలిమిగదులలో కాల్చిరి. శరీరములో కొయ్య చట్రముండుటచే దానిని అంత వేడిలో పెట్టరాదు. కావున దానిపై ధారగా పోసి ఎండనిచ్చిరి. నలుపు తప్ప వేఱు రంగు దొరకదన్న మాట ఫోర్డు పేరిట లోకప్రసిద్ధము. అయితే తొలి యేండ్ల బండ్లు బూడిదరంగువి, ఎఱ్ఱనివి, పచ్చనివి ఉండెను. నలుపే నియమమైనది 1914 మొదలు 1925 వఱకు మాత్రమే. నలుపు త్వరగా ఎండుటయే దానికి హేతువని పలువురు చెప్పుదురు. చవుకదనము, గట్టిదనము, ఒకే రంగైనచో చిక్కులేకుండుట అను మూడును కూడ అంతటి బలమైన హేతువులని నా యభిప్రాయము.

ఇక అసలు మలుపు. దానికి మూలము మన పొలములోని ప్రత్తి యనిన మీరు ఆశ్చర్యపడుదురేమో! ప్రత్తిని ఘాటైన ఆమ్లములలో నానబెట్టినచో భగ్గున మండు పదార్థమగునని 1846లో షోన్‌బైను అను రసాయనశాస్త్రజ్ఞుడు చూపెను. పొగలేని తుపాకిమందు దానినుండి పుట్టినది. 1914 నుండి 1918 వఱకు జరిగిన మహాయుద్ధములో అమెరికాలోని డ్యూపాంటు సంస్థ దానిని అపారముగా చేసెను. యుద్ధము ముగిసెను, కర్మాగారములు ఖాళీగా నిలిచెను. తుపాకిమందు కొనువారు లేనప్పుడు ఆ ప్రత్తిని ఏమి చేయవలెను?

దానిని ద్రావకములో కరగించి పూతగా వాడవచ్చునని ముందే తెలియును. కాని ఆ ద్రవము జిగురువలె చిక్కగా నుండెను. పలుచన చేసినచో అందు రంగుపొడి నిలుచుట కొంచెమే. ఎన్ని పూతలు పూసినను బలము రాదు. 1920 ప్రాంతమున ఆ సంస్థవారికి, తలవని తలంపుగా, ప్రత్తిసత్తు ఎక్కువయ్యును పలుచగా ప్రవహించు ద్రవము లభించెను. రంగుపొడిని సమృద్ధిగా మోయగల పూత దానితో సిద్ధించినది. దానికి డ్యూకో అని నామకరణము చేసిరి. 1923లో వెలువడిన, 1924వ సంవత్సరపు మాదిరియగు ఓక్లండు బండి నీలిరంగు డ్యూకోతో జనులకు కనబడెను. వారములు పట్టిన పని ఒకటి రెండు దినములకు దిగెను.

దీనిని గూర్చి యొక కథ చెప్పుకొందురు. జనరల్ మోటార్సు సంస్థలో పరిశోధనాధిపతియగు కెట్టరింగు ఒక రంగుల వ్యాపారిని భోజనమునకు పిలిచెనట. రంగు అంత త్వరగా ఎండుట కల్ల యని ఆ పెద్దమనిషి వాదించెను. భోజనమై బయటికి వచ్చి చూడగా తన బండి కానరాలేదు. ఎదుట నున్నదే తన బండి. వారు భుజించుచుండగా దానికి వేఱు రంగు వేసి ఆరబెట్టిరి! నిజానిజములు ఎట్లున్నను కథ రంగు గుణమును చక్కగా తెలుపుచున్నది.

ఈ జాతి పూతకు ఇంగ్లీషున లక్కరు అని పేరు. పండితులు విని సంతోషింపదగిన మాట యిది. సంస్కృతమున లాక్షా, మనకు లక్క. అదియే పారసీక, పోర్చుగీసు మొదలగు భాషల మీదుగా నడచి లక్కరు అయినది. ఏటికొప్పాక పనివారు తిరుగుడు పట్టెడపై అంకుడు కఱ్ఱకు అద్దు లక్కయే దాని తల్లి. డ్యూకోలో మాత్రము లక్క లేదు. పేరు మిగిలినది, పదార్థము మాఱినది. ఒక గుణము మాత్రము వంశపారంపర్యముగా వచ్చినట్లున్నది. పాండవులకై కట్టిన లక్కయింటి గతి మనమెఱుగుదుము. ఈ లక్కరును అట్లే నిప్పురవ్వకు వేచియుండును.

డ్యూకో కుంచెకు లొంగదు, లాగులోపలనే ఆరిపోవును. దానికి చిమ్ముడు యంత్రము కావలసి వచ్చెను. అమెరికాలోని టొలీడో నగరమున డెవిల్‌బిసు అను వైద్యుడు రోగుల గొంతులో మందు చల్లుటకు చిన్న పరికరమును చేసియుండెను. ఆయన కుమారుడు దానినే పెంచి రంగు చిమ్ము తుపాకిగా మార్చెను. తుపాకిమందునుండి రంగు, రంగునకు తుపాకి, మాటలు విచిత్రముగా కలిసినవి! ఆ పిదపటి చరిత్ర త్వరగా చెప్పవచ్చును. 1930 తరువాత తనంత తాను మెఱయు ఎనామెలులు, 1950 తరువాత ఆక్రిలికు లక్కరులు, ఆ వెనుక రెండు డబ్బాల ద్రవములను కలిపినంతనే గట్టిపడు పూతలు వచ్చినవి. మన షెడ్లలో మాత్రము నేటికిని చిమ్ముడు పనికి డ్యూకో పని అనియే వ్యవహారము.

ఇంటి వద్ద పని మొదలుపెట్టువాడు ముందు చేయదగినది ఏమనగా, డిక్కీ లోపల, తలుపు మడతబందుల సందున, రబ్బరు పట్టీల క్రింద చూడవలెను. ఎండ తగులని ఆ చోటులందు కర్మాగారపు మొదటి రంగు దాగియుండును. ఒక మూల వాటరు పేపరుతో నీరు పోయుచు వెడల్పుగా రుద్దినచో, పూతలన్నియు చెట్టుమాను వలయములవలె ఒకదాని చుట్టు నొకటి బయలుపడును. థిన్నరులో ముంచిన దూదితో తుడిచి చూడుడు. రంగు కరగి దూదికి అంటినచో లక్కరు. ముడుతలు పడినచో ఎనామెలు. ఏమియు చలింపనిచో రెండు డబ్బాల పూత. బాగుగా గట్టిపడని ఎనామెలుపై లక్కరు చిమ్మినచో క్రింది పూత ఉబ్బి లేచిపోవును. ఎందఱి శ్రమయో ఇట్లు మట్టిపాలైనది.

పాత రంగులలో సీసముండవచ్చును. పొడిగా గీకి ఆ దుమ్మును పిల్లలు తిరుగు వాకిట వెదజల్లరాదు. రెండు డబ్బాల పూతలోని గట్టిపఱచు ద్రవము ఊపిరితిత్తులకు పరమశత్రువు. ముక్కునకు గుడ్డ కట్టుకొన్నంత మాత్రాన అది ఆగదు. బయటిగాలిని గొట్టముగుండ అందించు ముసుగు లేనివారు దానిని ఇంట చిమ్మరాదు, షెడ్డువారికే అప్పగింపవలెను. వర్షకాలమున లక్కరు పని పెట్టుకొనరాదు. ద్రావకము త్వరగా ఆవిరియగుటచే రేకు చల్లబడి, గాలిలోని తేమ దానిపై చేరి, రంగు పాలవిఱుగుడు వలె తెల్లబారును. మన కోస్తా ప్రాంతమున కార్తికము గడచిన పిదప పని మొదలుపెట్టుట మేలు.

పాతదానిని కొత్తగా చేయవలెనా, పాతదిగనే కాపాడవలెనా అను వివాదము ప్రాచీన వాహనముల అంతర్జాతీయ సమాఖ్య వఱకు పోయినది. వారు 2012లో టురిను శాసనపత్రమును అంగీకరించిరి. ఉన్నదానిని ఉన్నట్లు నిలుపుట, క్షయము కాకుండ కాచుట, పోయినదానిని పునరుద్ధరించుట అని వేఱువేఱుగా విభజించి, సాధ్యమైనంత వఱకు మొదటి పదార్థమును పోగొట్టవలదని చెప్పిరి. తాటాకు ప్రతిని సంస్కరించు పండితునకు ఇది కొత్త ధర్మము కాదు. తెలియని పాఠమును దిద్దివేసినవాడు గ్రంథమును చెఱుచును.

నా పూర్వశిష్యుడొకడు తెల్లని అంబాసిడరు నొకదానిని తెచ్చి ఇంట అరుగదీయుచుండగా, తెలుపు క్రింద పచ్చరంగు, దానిపై ఎడమ తలుపున పసుపు అక్షరములు కొన్ని బయలుపడెను. టూరింగు టాకీసు అను మాటలు మాత్రమే చదువ వీలైనవి. ఊరి వృద్ధులు చూచి, మైకు కట్టి ఆట మాఱినపుడెల్ల చాటింపు వేసిన బండి యిదియే యనిరి. వాడు ఆ దినమున కాగితము క్రింద పెట్టెను. తలుపును అట్లే యుంచి తక్కిన బండికి ఆ పచ్చరంగే వేయుమని నేను చెప్పితిని. ఒక తలుపు పాతది, మూడు కొత్తవియైన నలుగురు నవ్వుదురని వాని భార్య అడ్డుపడెను. ఇరువురకును తీర్పుగా, పాత ఇనుము అంగడిలో వేఱొక తలుపు కొని బండికి బిగించి, నాలుగింటికిని పచ్చరంగు వేసెను. అక్షరముల తలుపు వాని వసారాలో గోడకు ఆనించియున్నది. ఆ టాకీసు పేరు ఏమైయుండునో అని వచ్చినవారెల్ల వాదులాడుచున్నారు.