వెన్నెల నీడల కోసం గజాల కొద్దీ కాగితం

1904 మేలో ఒక యువ చిత్రకారుడు తన స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఆ స్నేహితుడు రాసిన ఈల కథలోని దయ్యం బొమ్మ పూర్తయిందనీ, వెన్నెల నీడలు సరిగ్గా పడాలని గజాల కొద్దీ కాగితం నింపాననీ, తాను ఇంతవరకు గీసినవాటిలో ఇదే మేలైనదనీ అందులోని సంగతి. పని మొదలుపెట్టే ముందు కూర్చుని పర్‌స్పెక్టివ్ సూత్రాలు, నీడల నియమాలు నేర్చుకున్నాడట. దయ్యాన్ని గీయబోతూ ముందుగా నీడలను సాధన చేయడం నాకు ఈ ఉదంతంలో అన్నిటికన్నా నచ్చింది. గది నిజమని కన్ను ఒప్పుకున్నాకే, అందులోకి వచ్చిన దయ్యాన్ని మనసు ఒప్పుకుంటుంది.

ఆ చిత్రకారుడు జేమ్స్ మెక్‌బ్రైడ్. ఆ స్నేహితుడు ఎమ్.ఆర్. జేమ్స్. కేంబ్రిడ్జ్‌లోని కింగ్స్ కాలేజీ పండితుడు, మధ్యయుగాల రాతప్రతులను చదివి పట్టికలు కట్టినవాడు. క్రిస్మస్ రోజుల్లో స్నేహితులను గదిలో కూర్చోబెట్టి, కొవ్వొత్తి వెలుగులో తన కొత్త దయ్యం కథ చదివి వినిపించేవాడు. మెక్‌బ్రైడ్ 1893లో విద్యార్థిగా అక్కడికి వచ్చి ఈ బృందంలో కలిశాడు. జేమ్స్‌తో కలిసి డెన్మార్క్, స్వీడన్ తిరిగాడు. వైద్యం దారి వదిలి లండన్‌లోని స్లేడ్ స్కూల్లో బొమ్మలు నేర్చుకున్నాడు. కథలను పుస్తకంగా వేయడానికి జేమ్స్ ఒప్పుకున్నది ఇతను బొమ్మలు గీస్తానన్నాడనే.

ఈల కథలో పార్కిన్స్ అనే ప్రొఫెసర్‌కు దయ్యాలంటే నమ్మకం లేదు. సెలవులకు సముద్రం ఒడ్డున ఒక ఊరికి వెళ్తాడు. ఫీలిక్స్‌టోను మనసులో పెట్టుకునే ఆ ఊరిని రాశానని జేమ్స్ తర్వాత చెప్పాడు. అక్కడ టెంప్లర్లనే మధ్యయుగపు క్రైస్తవ యోధులు కట్టుకున్న కట్టడాల శిథిలాల్లో పార్కిన్స్‌కు కంచు ఈల ఒకటి దొరుకుతుంది. ఊదుతాడు. అతని గదిలో రెండు మంచాలున్నాయి. ఎవరూ పడుకోని రెండో మంచం మీది దుప్పటి ఒక రాత్రి లేచి నిలబడుతుంది.

సిరాతో దీన్ని గీయడం ఎంత కష్టమో కలం పట్టినవాళ్లకు తెలుసు. కలం తెలుపును గీయలేదు. దుప్పటి తెల్లగా కనిపించాలంటే అక్కడ కాగితాన్ని ముట్టుకోకుండా వదిలి, చుట్టూ ఉన్న చీకటిని గీత మీద గీతగా అల్లుకుంటూ రావాలి. అంటే దయ్యం ఉన్నచోట చిత్రకారుడి చెయ్యి ఆగిపోవాలి. చీకటి ఎక్కడ చిక్కబడాలో, ఎక్కడ పలచబడాలో చెప్పేది వెన్నెల. ఆ లెక్క తప్పితే దుప్పటి ఆరేసిన బట్టలా మిగిలిపోతుంది. గజాల కొద్దీ కాగితం ఎందుకు ఖర్చయిందో అర్థమవుతుంది.

కూర్పులో ఒక్కచోట మాత్రం నాకు పేచీ ఉంది. ఆ ఆకారం పార్కిన్స్ మీదికి దూకే క్షణాన్ని మెక్‌బ్రైడ్ ఎంచుకున్నాడు. కథలో దానికి కాస్త ముందు, చూపులేని ఆ ఆకారం పార్కిన్స్ అప్పుడే దిగిన మంచాన్ని, దిండ్లను తడుముతూ వెతుకుతుంది. నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ వెతుకులాటే. దూకడం ఒక్క క్షణంలో అయిపోతుంది, తడమడం చూస్తున్నంతసేపూ సాగుతుంది. అయినా చిత్రకారుడి వైపు నుంచి చూస్తే ఎంపిక తప్పు కాదు. బొమ్మలో కదలిక కావాలి, దయ్యానికీ మనిషికీ మధ్య దూరం కరిగిపోవాలి.

అదే కథకు వేసిన సముద్రతీరం బొమ్మలో ఆ లోటు లేదు. అలలకు అడ్డంగా పాతిన కొయ్య గోడ చాటున, భయంతో పైకి చూస్తున్న మనిషి. రాబోయేదాని కోసం మనమూ అతనితో పాటు ఎదురుచూస్తాం. నా ఓటు దీనికే.

ఉత్తరం రాసిన మరుసటి నెలలోనే, అపెండిక్స్ ఆపరేషన్ తర్వాత మెక్‌బ్రైడ్ చనిపోయాడు. అప్పటికి పూర్తయినవి నాలుగే బొమ్మలు. రెండు ఈల కథకు, రెండు మరో కథకు. పుస్తకంలో కథలు ఎనిమిది. మిగిలిన ఆరింటికి జేమ్స్ ఇంకెవరితోనూ గీయించలేదు. ఆ ఆరింటిలో ‘ది మెజోటింట్’ కూడా ఉంది. ఒక అచ్చుబొమ్మలో ఒక ఆకారం ఇంటివైపు పాకుతూ వెళ్లే కథ అది. బొమ్మలో బొమ్మను మెక్‌బ్రైడ్ ఎలా కూర్చేవాడో చూడాలని నాకు బలమైన కోరిక.

1904లోనే ఆ నాలుగు బొమ్మలతో పుస్తకం వెలువడింది. తక్కిన కథలకు బొమ్మలు ఎందుకు లేవో జేమ్స్ ముందుమాటలో చెప్పాడు. మెక్‌బ్రైడ్ సరదాగా రాసి బొమ్మలు వేసుకున్న ట్రోల్ వేట కథ కూడా ఆ ఏడాదే అచ్చయింది. మెక్‌బ్రైడ్ పోయాక పుట్టిన అతని పాపకు జేమ్స్ సంరక్షకుడయ్యాడు. ఆమె తల్లి గ్వెండొలెన్‌కు ఆయన ఏళ్ల తరబడి రాసిన ఉత్తరాలు 1956లో పుస్తకంగా వచ్చాయి.