పాత కంచుకు విలువ కట్టేదెవరు?

సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చి మా కాలేజీలో చదువుకుంటున్న జాతాపు కుర్రవాడొకడు, నిరుడు వేసవి సెలవుల తరవాత, తుండుగుడ్డలో చుట్టిన చిన్న లోహపు నెమలిని తెచ్చి నా బల్లమీద పెట్టాడు. "మా నాయనమ్మ పెళ్ళినాడు వచ్చిందంట మాష్టారూ. ఎంత చేస్తాదో చెప్పండి" అన్నాడు.

అప్పటికే వాడు రెండు ధరలు విని వచ్చాడు. సంతలో పాతసామాను కొనేవాడు దాన్ని తక్కెడలో వేశాడు. బొమ్మ కడుపులో నల్లగా గట్టిపడిన మట్టి ఉందని కనిపెట్టి, ఆ మట్టి బరువు తరుగు కింద తీసేసి, మిగిలినదానికి పాత ఇత్తడి ధర చెప్పాడు. ఇటువంటివాటిని పట్నాల్లో పెద్ద ఇళ్ళకు పంపే మనిషి ఇంకొకడు అంతకు ఎన్నో రెట్లు ఇస్తానన్నాడు. ఐతే ఒక షరతు పెట్టాడు: ఎక్కడిదని ఎవరడిగినా చెప్పగూడదు. ఇంట్లో డబ్బు అవసరం ఉంది. లేకపోతే నెమలి ముసలమ్మ పెట్టెలోంచి బయటికి వచ్చేదే కాదు. "రెండిట్లో ఏది నిజం ధర మాష్టారూ?"

నేను తెలుగు సాహిత్యం చెప్పుకునేవాణ్ణి. నాణెం గీటి చూసే కంసాలినీ కాను, పురావస్తు శాఖ ఉద్యోగినీ కాను. ఐనా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే కళాచరిత్రను మించిన సంగతులు ఎదురయ్యాయి. పాత విగ్రహానికి విలువ కట్టే పద్ధతుల్లో ఆయా కాలాల్లో ఎవరి చేతిలో తక్కెడ ఉందో స్పష్టంగా కనపడుతుంది.

తక్కెడతోనే మొదలుపెడదాం. పాతసామానువాడు మోటువాడనీ, కళ తెలియనివాడనీ మనం నవ్వుకుంటాం. కాని బ్రిటిష్ ప్రభుత్వం 1878లో చేసిన నిక్షేపాల చట్టం చదివి చూడండి. భూమిలో పది రూపాయలకు మించిన విలువగల వస్తువేది దొరికినా కలెక్టరుకు తెలియజెయ్యాలి. పాత సొంతదారు ఎవరూ తేలకపోతే, దొరికించుకున్నవాడికి నాలుగింట మూడు వంతులు, మిగిలింది భూమి గలవాడికి. చెప్పకుండా దాచినవాడికి జైలు. ఇంతవరకు సరే. ప్రభుత్వానికే ఆ వస్తువు కావాలనిపిస్తే? అందులోని పదార్థానికి ఎంత విలువో అంతా, దానిమీద ఐదోవంతూ చెల్లించి తీసుకోవచ్చు. అంటే సంతలోని తక్కెడనే కలెక్టరు కచేరీలో పెట్టి, పైన ఐదోవంతు దయ జోడించారన్నమాట. ఒక శిల్పి కొన్ని నెలలు కూర్చుని తీర్చిన ముఖం, ముఖం కాని గడ్డలోహంకన్నా ఐదోవంతు మాత్రమే ఎక్కువ! దేశాన్ని ముడిసరుకుగా చూసిన పాలకుల చట్టానికి ఇంతకన్న సూటి సూత్రం దొరకదు. ఆ కాలంలోనే గుంటూరు సీమలో బుద్ధాం దగ్గర బయటపడిన కంచు బుద్ధులు ఈనాడు లండనులో బ్రిటిష్ మ్యూజియంలో నిలబడి ఉన్నారు.

తరవాత వచ్చింది పండితుల తూకం. ఇది లోహాన్ని లెక్కచెయ్యదు, రూపాన్ని చూస్తుంది. 1932లో గ్రేవ్లీ, టి.ఎన్. రామచంద్రన్ కలిసి మద్రాసు మ్యూజియంలోని హిందూ లోహవిగ్రహాలకు పట్టిక తయారుచేశారు. ఆభరణాలు, కట్టుబట్టలు, తలవెనుక చక్రం మలచిన తీరు, వీటిలో శతాబ్దాల వెంట వచ్చిన మార్పులు గమనించి విగ్రహాలకు వరస కట్టారు. గొప్ప పనే. శాసనం లేని విగ్రహానికి కాలం చెప్పటం అంతకుముందు ఊహాగానంగా ఉండేది. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయల రాగి ప్రతిమకూ, ఇద్దరు దేవేరుల ప్రతిమలకూ ఉన్నట్టుగా పేర్లు చెక్కి ఉండటం అరుదు. ఐతే ఆ వరసలో ఒక లోపం ఉంది, అది పండితుల వ్యక్తిగత దోషం కాదు. మెట్లన్నీ రాజవంశాల మెట్లు. పల్లవ, చోళ, విజయనగర అన్నవి శైలుల పేర్లయ్యాయి. పోతపోసిన స్థపతి పేరు లేదు సరికదా, ఏ రాజూ పోయించని బొమ్మకు ఆ నిచ్చెనమీద కాలు మోపే మెట్టే లేకపోయింది. మా కుర్రవాడి నెమలి ఏ వంశపుది?

రాజు పేరు తగిలితే ధర ఎలా పెరుగుతుందో, ఆ పెరిగిన ధర ఎవరికి చేరుతుందో పత్తూరు నటరాజ విగ్రహం కథ చెబుతుంది. 1976లో తంజావూరు జిల్లా పత్తూరులో మట్టి తవ్వుతున్న ఒక పేద కూలీ గడ్డపారకు ఆ విగ్రహం తగిలింది. చేతులు మారి సముద్రం దాటింది. 1982లో లండనులో ఒక కెనడా చమురు కంపెనీ దాన్ని రెండున్నర లక్షల పౌన్లకు కొన్నది. మరమ్మతుకు ఇచ్చినచోట పోలీసులు పట్టుకున్నారు. 1988లో లండన్ హైకోర్టు మనవైపు తీర్పు చెప్పింది, 1991లో అప్పీలు కోర్టు ఖాయం చేసింది, నటరాజు తిరిగొచ్చాడు. ఆ విచారణలో నిపుణులు శైలి గురించి వాదించుకున్న మాట నిజమే. కాని విగ్రహానికి అంటుకున్న పత్తూరు మట్టీ, చెదపురుగుల జాడా కూడా సాక్ష్యం చెప్పాయి. ఏ వేలం కంపెనీ అయినా ముందుగా కడిగి పారేసేది ఆ మట్టినే కదా!

ఇక శ్రీపురంతాన్ నటరాజు సంగతి. దొంగిలించిన ఆ విగ్రహాన్ని ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 2008లో సుమారు 50 లక్షల డాలర్లకు కొన్నది, 2014లో తిరిగి ఇచ్చింది. అంత సొమ్ము పలకడానికి విగ్రహం ఒక్కటే చాలలేదు. అది ఫలానా వారి దగ్గర ఫలానా ఏట ఉండేదని చెప్పే కాగితాలు కావలసి వచ్చాయి. ఆ కాగితాలు దొంగవి. విపణిలో వస్తువుకు చరిత్ర ఉంటే ధర పెరుగుతుంది, కాబట్టి చరిత్రను కూడా తయారుచేసి అమ్ముతారు. సీతంపేటలోనేమో అదే వ్యాపారానికి చరిత్రను మూసిపెట్టమన్నారు. "ఎక్కడిదో చెప్పకు" అనటమూ, లేని చరిత్ర రాయటమూ ఒకే అంగడిలో రెండు బల్లలు.

ఇప్పుడు నెమలి దగ్గరికి వద్దాం. యూరపు సేకర్తలు "ఖోండు కంచు" అని ముద్దుగా పిలిచే బొమ్మల జాతి ఇది. నిజానికి వీటిలో చాలా భాగం కంచు కాదు, ఇత్తడి. రాగిలో తగరం కలిస్తే కంచు, తుత్తునాగం కలిస్తే ఇత్తడి. గంజాం మన్యంలో కోదులకు వీటిని పోసిచ్చినవాళ్ళు ఘాసీలు మొదలైన పోతపని కులాలవాళ్ళు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాలలో వీటి ప్రసక్తి ఉంది. ఏనుగులు, నెమళ్ళు, జింకలు, పాములు. పెళ్ళిలో ఆడపిల్లతోపాటు అత్తవారింటికి వెళ్ళే సొత్తు. జాతాపులు కోదులలోంచే మైదానంవైపు దిగివచ్చి తెలుగు మాట్లాడటం నేర్చిన శాఖ అని పండితులు చెబుతారు. అంచేత సీతంపేట పెట్టెలో ఆ నెమలి ఉండటం వింతేమీ కాదు.

దీని ఉపయోగపు విలువ ఏమిటి? నీళ్ళు తాగటానికి పనికిరాదు, పూజకు పెట్టరు. కాని రెండు కుటుంబాల మధ్య కుదిరిన ఒప్పందానికి అది సాక్షి. రాతలేని సమాజంలో దస్తావేజు. దస్తావేజును కాగితం ఖరీదుకు అమ్మమంటే మైదానంలో ఏ మోతుబరి ఐనా ఒప్పుకుంటాడా? కొండమీద మాత్రం ఆ బేరమే జరుగుతుంది.

దీన్ని ఎలా చేశారో చూస్తే అసలు ప్రశ్న బయటపడుతుంది. మట్టితో లోపలి గుండె చేస్తారు. తేనెమైనంలో గుగ్గిలం కలిపి, సన్నని దారాలుగా తీసి, ఆ మట్టిచుట్టూ చుడతారు. నెమలి ఒంటిమీద కనపడే గీతలన్నీ ఆ మైనపు దారాల గుర్తులే. పైన మళ్ళీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. అది ఖాళీచేసిన సందులో లోహం పోస్తారు. మన శాస్త్రాలలో దీనికి మధూచ్చిష్ట విధానమని పేరు. 12వ శతాబ్దంలో పశ్చిమ చాళుక్యరాజు సోమేశ్వరుడి మానసోల్లాసం లెక్క కూడా చెప్పింది: ఇత్తడీ రాగీ ఐతే మైనానికి ఎనిమిది రెట్లు, వెండి పన్నెండు, బంగారం పదహారు.

ఈ ఎనిమిదో వంతు మైనం ఎవరు తెచ్చారు? కొండచరియ మీద తేనెపట్టు కొట్టినవాడు తెచ్చాడు. గుగ్గిలం, సాలచెట్టుకు గాటుపెట్టినవాడు తెచ్చాడు. చోళుల నటరాజు దగ్గరనుంచి పెళ్ళినెమలి దాకా మైనపుపోత బొమ్మ ఏదైనా అడివి లేకుండా పుట్టలేదు. ఐతే మైనం కరిగిపోవటంతో ఆ శ్రమ కూడా వస్తువులోంచి మాయమవుతుంది. లోహాన్ని తూచినా, శైలిని చూసినా, కాగితాలు తిరగేసినా దాని జాడ దొరకదు. పూర్తయిన వస్తువులో శ్రమ కనపడకుండా పోతుందని మనం అర్థశాస్త్రంలో చదువుకుంటాం. ఇక్కడ అది అక్షరాలా, నిప్పుమీద, కళ్ళముందే జరుగుతుంది.

కనపడని ఈ శ్రమకు ధర అడగటం మన కొండల్లో చిన్న విషయం కాలేదు. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టి తేనె, చింతపండు, తపసిబంక వంటివి దళారులు లేకుండా కొనటం మొదలుపెట్టింది. ఐనా సావుకారు కొలకుంచం కొండ దిగలేదు. శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజన సంఘం పెట్టిన కోర్కెలలో వెట్టి రద్దు, కూలిరేట్లు, పోయిన భూములతోపాటు అటవీ ఉత్పత్తులకు న్యాయమైన ధర కూడా ఒకటి. ఆ సంఘం సభకు వెళుతున్న కోరన్న, మంగన్న 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల తుపాకులకు బలైపోయారు. తరవాతి చరిత్ర పాఠకులకు తెలుసు. మైనానికి ధర కట్టటం కళావిమర్శలో భాగం కాదని ఎవరైనా అంటే, లేవిడి ఎక్కడుందో వారు పటంలో చూసుకోవాలి.

తక్కెడనే తప్పుపట్టి ఊరుకోవటం కూడా న్యాయం కాదు. కోశాంబి తక్షశిల నాణేల్ని వేల సంఖ్యలో తూచాడు. చేతులు మారినకొద్దీ నాణెం అరిగి తేలికవుతుంది. ఆ తరుగులోంచి అవి ఎంతకాలం చలామణీలో ఉన్నాయో, ఏది ముందుదో ఏది వెనకదో లెక్కగట్టాడు. తరుగును వర్తకుడు నష్టంగా చూస్తే, ఆయన సాక్ష్యంగా చూశాడు. మా నెమలి వీపుమీద మైనపుగీతలు అరిగి నున్నబడిపోయాయి. సేకర్త దానికి ధర తగ్గించవచ్చు. ఎంతమంది ఆడవాళ్ళ వేళ్ళు తగిలితే ఆ గీతలు అలా అరిగాయి?

విజ్ఞానశాస్త్రం కూడా ఇప్పుడు ఈ దారికే వచ్చింది. దక్షిణాది విగ్రహాలలోని సీసపు ఐసోటోపుల నిష్పత్తులు కొలిచి శారదా శ్రీనివాసన్ వాటి కాలనిర్ణయానికి కొత్త ఆధారం చూపారు. ఇంకొక పద్ధతి ఉంది, థెర్మోల్యూమినెసెన్స్ అంటారు: పోతనాడు కాలిన మట్టి ఆఖరిసారి ఎప్పుడు వేడెక్కిందో అది చెప్పగలదు. అంటే పాతసామానువాడు తరుగు కింద తీసేసిన ఆ నల్లమట్టే నెమలి పుట్టినరోజు దాచుకున్న భాగం. ఈ మాట చెప్పినప్పుడు మా కుర్రవాడు చాలాసేపు నవ్వాడు.

1972లో చేసి 1976 ఏప్రిల్ 5 నుంచి అమలుపెట్టిన పురావస్తువుల చట్టం పాతదానికన్న ఎంతో మెరుగు. నూరేళ్ళు దాటిన శిల్పాన్ని ప్రైవేటువాళ్ళు దేశం దాటించగూడదు; లైసెన్సు లేనివాడు వ్యాపారం చెయ్యగూడదు; ప్రభుత్వం తీసుకుంటే పరిహారం నిర్ణయించేటప్పుడు కాలం, కళ, చరిత్ర, మానవశాస్త్ర ప్రాధాన్యం, అరుదుదనం లెక్కలోకి రావాలి. పదార్థపు ఐదోవంతు నుంచి ఇక్కడికి రావటానికి దాదాపు ఒక శతాబ్దమూ, ఒక స్వాతంత్ర్యోద్యమమూ పట్టాయి. ఐతే నూరేళ్ళు నిండిందని ఎవరు చెప్పాలి? చక్రవర్తి విగ్రహానికి పట్టికలు ఉన్నాయి. తొంభై ఏళ్ళదో, నూటయాభై ఏళ్ళదో తేలని పెళ్ళినెమలికి ఆ రక్షణ అందేలోపు కొలిమి అందుతుంది. పక్కన సరవకోట మండలంలో బుడితి కంచర్లున్నారు. వాళ్ళ ఇత్తడిపనికి భౌగోళిక గుర్తింపు దక్కింది, సంతోషమే. కాని కొలిమికి పాతదీ కొత్తదీ ఒకటే. ఏ పాత బొమ్మ ఏ కొత్త చెంబయిందో చెప్పగలవాడెవడూ లేడు.

విలువ కట్టటం నేర్చుకోవాలంటే నాకు గిడుగు రామమూర్తి గారు గుర్తొస్తారు. వ్యావహారిక భాషకోసం పోరాడిన మనిషిగానే మనం ఆయన్ని తలుచుకుంటాం. ముఖలింగం శాసనాలు చదవటం సొంతంగా నేర్చుకున్నదీ, 1919లో శాలిహుండం బౌద్ధ శిథిలాలను గుర్తించి లోకానికి చెప్పిందీ ఆయనే. సవరల భాష నేర్చుకుని, వాళ్ళకు బడులు పెట్టించి, 1931లో ఆ భాషకు వ్యాకరణమూ 1938లో నిఘంటువూ వెలువరించిందీ ఆయనే. శిథిలానికీ మాటకూ ఆయన ఒకే పద్ధతిలో విలువ కట్టాడు: దాన్ని వాడుకునేవాళ్ళను అడిగాడు.

నేనూ ఆ పనే చెయ్యమని కుర్రవాణ్ణి పంపాను. ఫీజుకు మేము నలుగురు ఉపాధ్యాయులం తలా కొంత వేసుకున్నాం. అది వాడి ఒక్కడి గండం గట్టెక్కించిందే గాని, పెట్టెలు తెరవవలసి వచ్చే ఇళ్ళు ఇంకా ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. రెండు వారాల తరవాత వాడు నోటుపుస్తకం కాగితం ఒకటి పట్టుకొచ్చాడు. నెమలి నాయనమ్మకు ఆమె తల్లి ఇచ్చింది. ఆ తల్లికి ఆమె అత్త. మూడు పేర్లు, మూడు ఊళ్ళు, మూడు పెళ్ళిళ్ళు. మొదట జత నెమళ్ళట. కరువు వచ్చిన ఒక ఏడాది రెండోది సావుకారు తక్కెడలోకి వెళ్ళింది, అప్పుకింద, తూకానికి. ఆ ఏడు పేరు ముసలమ్మకు తెలియదు. గింజలు లేక అడివిదుంపలు తిన్న ఏడని మాత్రం రాయించింది.

కాగితం అడుగున వాడు నెమలి బరువు రాశాడు. 640 గ్రాములు, మట్టితో సహా.