ఎగదన్నే పులుపు

పెళ్ళిళ్ళ రోజుల్లో ఏ ఊళ్ళోనైనా రాత్రిపూట మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడితే గుండెల్లో మంటకు మందడిగేవాళ్ళు ఒకరిద్దరైనా కనిపిస్తారు. షాపతను ఒకరికి ఈనో పొట్లం ఇస్తాడు, ఇంకొకరికి జెలూసిల్ సీసా, మూడోవాళ్ళకు చీటీ కూడా అడక్కుండా పాంటోప్రజోల్ బిళ్ళల పట్టీ. మొదటిది 1850ల నాటి ఇంగ్లండు సరుకు. రెండోదాని మూలం 1829 నాటి డబ్లిన్‌లో ఉంది. మూడోది పోయిన శతాబ్దం చివర్లో వచ్చింది. ఇన్ని కాలాల మందులు ఒకే బల్ల మీద ఇంకా చెల్లుబాటవుతున్నాయంటే, ఏ ఒక్కటీ ఈ మంట సంగతి పూర్తిగా తేల్చలేదన్నమాట.

గుండెల్లో మంట అనగానే మనం ముందు మిరపకాయను బోనెక్కిస్తాం. గుంటూరు కారానికీ ఆవకాయకూ తప్పని నింద ఇది. కానీ మిరప మన నేల మీదికి పోర్చుగీసువాళ్ళతో పదహారో శతాబ్దంలో వచ్చింది. దానికి ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ముందే మాధవకరుడు తన మాధవనిదానంలో అమ్లపిత్తాన్ని విడిగా వర్ణించాడు. పైకి తన్నేది, కిందికి దిగేది అని రెండు రకాలు చెప్పి, పైకి తన్నేదానిలో పుల్లటి త్రేన్పులు, గొంతులోనూ రొమ్ములోనూ మంట ఉంటాయన్నాడు. చరక, సుశ్రుత సంహితల్లో దీనికి ప్రత్యేక అధ్యాయం లేదు. కాశ్యప సంహితలో ఉంది. తిన్నది అరగకముందే మళ్ళీ తినడం, తినగానే పగటిపూట పడుకోవడం కారణాలని అందులో ఉంది. చిత్తడి ప్రాంతాల్లో ఈ జబ్బు ఎక్కువనీ, మందులకు లొంగకపోతే ఊరు మారమనీ కూడా ఉంది. ఊరు మారే సలహా మాటెలా ఉన్నా, తిని పడుకోవద్దన్న మాటను ఇవాళ్టి గ్యాస్ట్రో డాక్టరూ కొట్టిపారెయ్యడు.

కడుపులో ఊరే ఆ పులుపు ఏమిటో తెలియడానికి 1824 దాకా ఆగాల్సి వచ్చింది. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని లండన్‌లో విలియం ప్రౌట్ తేల్చాడు. ఒంట్లో అంత ఘాటైన ఆమ్లం ఉంటుందని నమ్మడం చాలామందికి కష్టమైంది. అంతకు రెండేళ్ళ ముందు, 1822 జూన్‌లో, అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కూలీకి పొరపాటున తుపాకీ పేలి కడుపులో గాయమైంది. మనిషి బతికాడు గానీ కన్నం పూడలేదు. సైన్యంలో వైద్యుడైన విలియం బ్యూమాంట్ ఆ కన్నంలోంచి మాంసం ముక్కల్ని పట్టుదారానికి కట్టి లోపలికి వదిలి, కాసేపాగి పైకి లాగి, ఎంతవరకు కరిగాయో రాసుకునేవాడు. సెయింట్ మార్టిన్‌కు కోపం వచ్చినప్పుడు అరుగుదల తేడాగా ఉంటోందని కూడా గమనించాడు. 1833లో ఆ రాతలు పుస్తకంగా వచ్చాయి. ఆ బీదవాడి పొట్టను కిటికీలా వాడుకున్న తీరు ఇవాళైతే ఏ నైతిక కమిటీ ముందూ నిలవదు.

ఆమ్లం సంగతి తెలిశాక విరుగుడు క్షారమే అన్న లెక్క తేలిగ్గా కుదిరింది. డబ్లిన్‌లో జేమ్స్ మరే ద్రవరూపంలో మెగ్నీషియా తయారుచేసి 1829లో ఐర్లండు పాలకుడైన ఆంగ్లెసీ ప్రభువుకే పట్టించాడు. న్యూకాసిల్‌లో మందుల షాపు నడిపిన జేమ్స్ క్రాస్లీ ఈనో తన పేరుతోనే ఫ్రూట్ సాల్ట్ అమ్మాడు. అది నీళ్ళలో పడగానే పొంగుతుంది, తాగగానే బ్రేవుమని త్రేన్పు వస్తుంది, ప్రాణం కుదుటపడినట్టుంటుంది. మన గోళీసోడాకు ఉన్న పేరూ ఆ త్రేన్పు వల్లే. నిజానికి ఆ త్రేన్పులోనే ఒక చిక్కుంది, అది బయటపడటానికి ఇంకో నూట ముప్ఫై ఏళ్ళు పట్టింది.

పందొమ్మిదో శతాబ్దమంతా వైద్యుల చూపు కడుపు మీదే. ఆమ్లం పైకొచ్చి అన్నవాహికను పుండు చేస్తుందన్న ఆలోచనకు ఆదరణ దొరకలేదు. 1879లో హైన్రిష్ క్విన్కే అలాంటి పుళ్ళను వర్ణించాడు. 1935లో న్యూయార్క్ వైద్యుడు ఆషర్ వింకెల్‌స్టీన్ అయిదుగురు రోగుల్ని చూపి, ఇది కడుపులోని రసం చేసే పనేమోనన్నాడు. తర్వాత లీడ్స్ సర్జన్ ఫిలిప్ ఆలిసన్ తప్పంతా రొమ్మునూ పొట్టనూ వేరుచేసే విభాజక కండరం దగ్గరి హెర్నియాదన్నాడు, దాన్ని కుట్టేస్తే మంట పోతుందన్నాడు. కానీ 1973లో ఇరవై ఏళ్ళ లెక్క తీసి, తను చేసిన ఆపరేషన్లలో చాలా భాగం నిలవలేదని తనే అచ్చువేశాడు. వైద్యచరిత్రలో ఇలాంటి నిజాయితీ అరుదు.

ఆపరేషన్ దారి దొరికింది మాత్రం అనుకోకుండానే. నాజీల జర్మనీ వదిలి ఇస్తాంబుల్ చేరిన రుడాల్ఫ్ నిస్సెన్ 1936లో ఒక రోగికి అన్నవాహిక కింది భాగం కోసి తీసేశాడు. కుట్లు ఊడకుండా కడుపు పైభాగాన్ని వాటి చుట్టూ చుట్టాడు. ఏళ్ళు గడిచాక చూస్తే ఆ రోగికి పులుపు ఎగదన్నడమే లేదు. ఆ చుట్టుడునే 1955లో, బాజెల్‌లో ఉండగా, ఈ జబ్బుకు చికిత్సగా చేశాడు. ల్యాప్రోస్కోపీతో అదే ఆపరేషన్ ఇప్పుడు హైదరాబాద్‌లోనూ చేస్తున్నారు.

మందుల కథ అందరికీ తెలిసిందే, త్వరగా చెప్పుకోవచ్చు. జేమ్స్ బ్లాక్ బృందం హిస్టమిన్ దారిని మూసి ఆమ్లాన్ని తగ్గించే సిమెటిడిన్‌ను 1976లో బ్రిటన్ మార్కెట్టుకు తెచ్చింది. 1988లో బ్లాక్‌కు నోబెల్ వచ్చింది. 1981లో వచ్చిన రానిటిడిన్ మన ఇళ్ళలో జినెటాక్, రాంటాక్ పేర్లతో దశాబ్దాలు ఏలింది. ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడ్డాక 2020లో అమెరికా దాన్ని అమ్మకాల నుంచి తీసేయించింది, 2022లో మన అత్యవసర మందుల జాబితాలోంచీ పోయింది. 1988లో స్వీడన్‌లో వచ్చిన ఒమెప్రజోల్ ఆమ్లాన్ని ఊరించే పంపుల్నే ఆపింది. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ ‘ఒమెజ్’ పేరుతో దాన్ని మన దేశంలోనూ రష్యాలోనూ ఇంటింటి పేరు చేసింది.

ఇంతా చేసి, మంట ఉన్నట్టుండి ఎందుకొస్తుంది? దీనికి జవాబు మందుల కంపెనీల నుంచి రాలేదు. 1980 ప్రాంతంలో జాన్ డెంట్, వైలీ డాడ్స్ అన్నవాహిక కింది కవాటం ఒత్తిడిని గంటల తరబడి కొలిచారు. మింగకపోయినా ఆ కవాటం అప్పుడప్పుడు పది సెకన్లకు పైగా పూర్తిగా వదులవుతోంది. త్రేన్పు రావడానికి శరీరం పెట్టుకున్న ఏర్పాటే అది. కడుపు ఉబ్బితే ఆ సడలింపులు పెరుగుతాయి. గోళీసోడా చిక్కు ఇక్కడే ఉంది: గాలి వెళ్ళే దారినే ఆమ్లమూ వస్తుంది. 2001లో గ్లాస్గో పరిశోధకులు ఇంకోటి చూపారు. భోజనం అయ్యాక ఆమ్లం తిండితో కలిసిపోకుండా కవాటం కిందే మడుగు కట్టి ఉంటుంది.

కాబట్టి విందు రాత్రి దోషిని వెతకాలంటే కారం కంటే ముందు వడ్డనను చూడాలి. పొట్ట పట్టనంత తినడం, వేపుళ్ళు, నేతి స్వీట్లు, పైన కూల్‌డ్రింకు, బిగించిన బెల్టు, ఇంటికి రాగానే మంచం. సిగరెట్టు, మద్యం తోడైతే చెప్పనక్కర్లేదు. కారం కొందరికి పడదు, వాళ్ళు మానుకుంటే చాలు. బీపీకి వాడే అమ్లోడిపిన్ లాంటివి కవాటాన్ని వదులు చేయొచ్చు. డాక్సీసైక్లిన్, నొప్పి బిళ్ళలు గుక్కెడు నీళ్ళతో మింగి వెంటనే పడుకుంటే అన్నవాహికలోనే ఆగి పొరను కాలుస్తాయి. గర్భిణులకు హార్మోన్ల వల్లా, పెరిగే బిడ్డ ఒత్తిడి వల్లా వస్తుంది. నెలలుగా వేధిస్తుంటే నడుం చుట్టుకొలత తగ్గించుకోవడం మేలు.

మంట మొదలైన రాత్రి లేచి కూర్చోవాలి. నడుం దగ్గర బట్టలు వదులు చేసుకోవాలి. యాంటాసిడ్ ఒక మోతాదు చాలు. పడుకోక తప్పకపోతే ఎడమ వైపు తిరగాలి, అప్పుడు మడుగు కవాటానికి దిగువన ఉంటుంది. రోజూ వచ్చేవాళ్ళు తలవైపు మంచం కోళ్ళ కింద ఆరేడు అంగుళాల ఎత్తు పెట్టుకోవడం మంచిది. దిండు మీద దిండు వేస్తే పొట్ట ముడుచుకుని ఒత్తిడి పెరుగుతుంది. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలి.

ఒమెప్రజోల్ జాతి బిళ్ళలు పనిలో ఉన్న పంపులనే ఆపుతాయి గనక తిండికి అరగంట ముందు వేసుకోవాలి, మంట వచ్చాక మింగితే వెంటనే ఫలితం ఉండదు. 2009లో డెన్మార్క్‌లో ఏ జబ్బూ లేని 120 మందిలో కొందరికి ఎనిమిది వారాలు ఈ జాతి మందు, మిగతావారికి ఉత్తుత్తి బిళ్ళలు ఇచ్చి ఆపేశారు. అసలు మందు మింగినవాళ్ళలో 44 శాతం మందికి ఆ తర్వాతి వారాల్లో మంటో అజీర్ణమో కనిపించింది, రెండో గుంపులో 15 శాతానికే. ఏళ్ళ తరబడి పరగడుపున అలవాటుగా మింగేవాళ్ళు, డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించుకోవాల్సింది ఇందుకే.

మింగడం కష్టమైనా, బరువు కారణం లేకుండా తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా ఎండోస్కోపీ వాయిదా వేయకూడదు. నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి చెమటలు పడితే ఈనో కలుపుకుంటూ కూర్చోవద్దు, గుండె ఆసుపత్రికి వెళ్ళి ఈసీజీ తీయించుకోవాలి.