వాకపల్లి అక్కలు ఎవరిని గుర్తుపట్టాలి?



మన పాలంపేట రామప్ప గుడి దగ్గర 1213 నాటి శాసనం ఉంది. గుడి కట్టించిన సేనాని రేచర్ల రుద్రుడి గొప్పలన్నీ అందులో ఉన్నాయి. ఆ కాలపు యుద్ధాల్లో ఊళ్లల్లో ఆడవాళ్లకు ఏమైందో చెప్పే శాసనం మనకు దొరకదు. కానీ మన కాలంలో ఆదివాసీ ఆడవాళ్లే నోరు తెరిచి చెప్పిన చరిత్ర ఒకటుంది.

2007 ఆగస్టు 20. విశాఖ ఏజెన్సీ, జి.మాడుగుల మండలం వాకపల్లి. కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు అక్కలు చెప్పారు. కేసు కింది కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా పోయి మళ్లీ కిందికొచ్చింది. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు అధికారులనే తప్పుపట్టింది. నిందితులను అక్కల ముందు నిలబెట్టి గుర్తింపు పరేడ్ కూడా జరపలేదు మరి. ఇంకోపక్క అక్కలకు పరిహారం ఇవ్వమని కూడా చెప్పింది. నేరం రుజువు కాలేదట, పరిహారం మాత్రం ఇవ్వాలట! హాస్టల్లో మేం ఎంత మాట్లాడుకున్నా ఇది మింగుడుపడలేదు.

ఇప్పుడు రువాండా సంగతి చూడండి. అక్కడ 1994లో జాతి హననం జరిగింది. టాబా అనే ఊరి మేయర్ అకయేసు మీద ఐక్యరాజ్యసమితి ట్రిబ్యునల్‌లో కేసు పెట్టారు. మొదట ఆ అభియోగాల్లో అత్యాచారం ఊసే లేదు. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఆడవాళ్లు ఆ మాట బయటపెట్టాకే, 1997లో దాన్ని చేర్చారు. ఆయన స్వయంగా అత్యాచారం చేశాడని ఎవరూ అనలేదు. తన ఆఫీసు ఆవరణలో జరుగుతుంటే ఆపకుండా ప్రోత్సహించాడని 1998 సెప్టెంబర్ 2న దోషిగా తేల్చారు. అత్యాచారం కూడా జాతి హననంలో భాగం కావచ్చని ఒక అంతర్జాతీయ కోర్టు తేల్చడం అదే మొదలు.

తేడా ఇక్కడే ఉంది. అక్కడ అధికారంలో ఉన్నవాడిని అడిగారు. ఇక్కడ, యూనిఫాంలో వచ్చిన గుంపులో ఎవరు ఏం చేశారో ఒక్కొక్కరినీ విడిగా చూపించాల్సిన బరువు అక్కల మీద పడింది.

దేశం లోపలి సాయుధ పోరులో కూడా సామాన్యుల గౌరవానికి భంగం కలిగించొద్దని 1949 జెనీవా ఒప్పందాల ఉమ్మడి 3వ ఆర్టికల్ చెప్తుంది. మన దేశం వాటికి ఒప్పుకుంది. కానీ ఏజెన్సీలో జరిగేది సర్కారు లెక్కలో శాంతిభద్రతల సమస్యే. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు పెట్టిన 1998 రోమ్ ఒప్పందంలో మన దేశం చేరనే లేదు.

మరి మన చట్టం? డ్యూటీ మీద పంపిన ప్రాంతంలో సాయుధ బలగాలవాళ్లు అత్యాచారం చేస్తే కఠిన శిక్ష వేయాలని 2013లో చేర్చారు. కింది వాళ్లను అదుపు చేయని పై అధికారిని కూడా నేరస్తుడిగా చూడాలని అదే ఏడాది జస్టిస్ వర్మ కమిటీ సిఫారసు చేసింది. దాన్ని మాత్రం పక్కన పెట్టేశారు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అది లేదు.