గార్‌ఫీల్డ్ రాయని ఉత్తరం

పోలింగ్‌కు రెండు వారాలు కూడా లేవనగా, 1880 అక్టోబర్ 20న న్యూయార్క్‌లో ‘ట్రూత్’ అనే పత్రిక ఒక ఉత్తరాన్ని అచ్చేసింది. అమెరికా అధ్యక్ష పదవికి రిపబ్లికన్ల తరఫున ఒహాయో నేత జేమ్స్ గార్‌ఫీల్డ్, డెమొక్రాట్ల తరఫున గెటిస్‌బర్గ్ యుద్ధవీరుడు జనరల్ హాన్‌కాక్ బరిలో ఉన్నారు. ఉత్తరం గార్‌ఫీల్డ్ రాసిందన్నారు. మసాచుసెట్స్‌లోని లిన్ పట్టణంలో యజమానుల సంఘానికి చెందిన హెచ్.ఎల్. మోరీ అనే ఆయనకు ఆ జనవరిలో రాశాడట. కూలీలు ఎక్కడ చౌకగా దొరికితే అక్కణ్నుంచి తెచ్చుకునే హక్కు కంపెనీలకు ఉందని, ఫ్యాక్టరీలకు పనివాళ్ల కొరత తీరేదాకా చైనాతో ఉన్న వలస ఒప్పందాన్ని కదపకూడదని అందులోని సారాంశం.

ఇందులో కొంప మునిగే మాట ఏముందని ఇవాళ మనకు అనిపిస్తుంది. ఆనాటి కాలిఫోర్నియాలో మాత్రం ఇంతకంటే ఘోరమైన నింద అభ్యర్థి మీద వేయడం కష్టం.

ఆ కోపం వెనక పదేళ్ల కథ ఉంది. సియెరా కొండలను తొలిచి సెంట్రల్ పసిఫిక్ రైలు మార్గం వేసినవాళ్లలో ఎక్కువమంది చైనా కూలీలే. 1869 మేలో లైను పూర్తయింది, పని అయిపోయింది. 1873లో బ్యాంకులు కూలి దేశమంతా మాంద్యం కమ్మింది. శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో నిరుద్యోగులు పోగయ్యారు. 1877లో సిటీ హాల్ దగ్గరి ఇసుక మైదానంలో డెనిస్ కెర్నీ గొంతెత్తాడు. ఐర్లండ్‌లో పుట్టి, ఓడల్లో పనిచేసి, చివరికి శాన్‌ఫ్రాన్సిస్కోలో సరుకు బళ్ల వ్యాపారం పెట్టుకున్నవాడు. తనకే పౌరసత్వం వచ్చి అప్పటికి ఏడాది.

కెర్నీ ఉపన్యాసాల పోకడ గమనించదగ్గది. మొదలు రైల్వే కుబేరుల మీద. వాళ్ల భవనాలున్న నాబ్ హిల్ గుట్ట ఎక్కి మరీ తిట్టాడు. అక్కడ చార్లెస్ క్రాకర్ అనే రైల్వే యజమాని, ఇల్లు అమ్మనన్న పొరుగువాడి మీద కక్షతో ఆ ఇంటి చుట్టూ నలభై అడుగుల ఎత్తున దడి కట్టించాడు. ఆ దడి పీకిస్తానని కెర్నీ బెదిరించాడు. కుబేరుల మీద అతను చెప్పినదాంట్లో నిజం పాలు తక్కువేమీ కాదు. అయితే ప్రతి ఉపన్యాసమూ చివరికి ‘చైనావాళ్లు పోవాల్సిందే’ అన్న నినాదం దగ్గరే తేలేది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. దడి జోలికి ఎవరూ పోలేదు. ఆ జూలైలోనే, అంటే కెర్నీ పేరు ఇంకా మోగకముందే, చైనా చాకళ్ల దుకాణాలు మాత్రం తగలబడ్డాయి.

నాయకులకు ఇందులో ఖర్చేమీ లేదు. చైనావాళ్లకు ఓటు లేదు. వాళ్లు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని 1878లో ఫెడరల్ కోర్టు తేల్చింది. కాలిఫోర్నియాలో తెల్లవాడి మీద చైనావాడి సాక్ష్యం చెల్లదని 1854 నాటి తీర్పు. తిడితే ఓట్లు వస్తాయి, తిట్లు తిన్నవాడి నుంచి ఒక్క ఓటూ పోదు. 1879 సెప్టెంబర్‌లో ఆ రాష్ట్రంలో చైనీయుల వలస మీద ఓటింగ్ పెడితే వ్యతిరేకంగా 1,54,638 మంది, అనుకూలంగా 883 మంది ఓటేశారు. కంపెనీలు చైనావాళ్లను పనిలో పెట్టుకోకూడదని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకున్నారు. మరుసటి ఏడాదే కోర్టు దాన్ని కొట్టేసింది.

దొంగ ఉత్తరం రాసినవాడికి లిన్ పట్టణం ఊరికే తట్టలేదు. అది చెప్పుల ఫ్యాక్టరీల ఊరు. అదే రాష్ట్రంలోని నార్త్ ఆడమ్స్‌లో 1870లో కాల్విన్ శాంప్సన్ అనే చెప్పుల ఫ్యాక్టరీ యజమాని సమ్మె విరగ్గొట్టడానికి కాలిఫోర్నియా నుంచి 75 మంది చైనా కుర్రాళ్లను దింపాడు. ఆ గాయం కార్మికులకు ఇంకా పచ్చిగానే ఉంది. పుకారు నిలబడాలంటే దానికి కాస్త నిజం పునాది కావాలి కదా.

డెమొక్రాట్ పెద్దలు ఉత్తరం చూసి దస్తూరీ గార్‌ఫీల్డ్‌దేనన్నారు. ప్రతులు తీయించి ఊరూరా పంచారు. గార్‌ఫీల్డ్ వెంటనే ఖండించలేదు. సెక్రటరీలు ఎవరైనా తన పేరుతో రాశారేమోనని వాషింగ్టన్‌లో కాగితాలు వెతికించాడు. ఉత్తరం నకలు కళ్లారా చూశాకే తనది కాదని ప్రకటించాడు. అందులో మామూలు మాటలకే స్పెల్లింగ్ తప్పులున్నాయి. గార్‌ఫీల్డేమో లాటిన్, గ్రీకు పాఠాలు చెప్పి, కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేసిన మనిషి. లిన్‌లో ఆరా తీస్తే మోరీ లేడు, ఆ సంఘమూ లేదు. మోరీ తనకు తెలుసని ఒట్టేసి చెప్పినవాడు అబద్ధపు సాక్ష్యం కింద దొరికిపోయాడు. ట్రూత్ విలేకరి కెన్‌వార్డ్ ఫిల్ప్‌ను అరెస్టు చేశారు కానీ నేరం రుజువు కాలేదు.

చరిత్ర పుస్తకాలు మామూలుగా ఈ కుట్ర దగ్గరే ఆగిపోతాయి. నన్ను పట్టి ఆపింది గార్‌ఫీల్డ్ ఇచ్చిన జవాబు. దస్తూరీయే కాదు, ఆ అభిప్రాయాలు కూడా తనవి కావన్నాడు. అది నిజమే. అభ్యర్థిత్వాన్ని అంగీకరిస్తూ ఆ జూలైలో రాసిన లేఖలో, చైనావాళ్ల రాక దండయాత్రను తలపిస్తోందన్న ధోరణిలో తనే రాశాడు. రెండు పార్టీల ప్రణాళికల్లోనూ చైనా వలసకు వ్యతిరేకంగా వాక్యాలున్నాయి. అంటే తగాదా అంతా ఉత్తరం ఎవరు రాశారన్నదే. రాస్తే తప్పేమిటని రెండు పక్షాల్లో ఏదీ అడగలేదు. అబద్ధాన్ని చీల్చి చెండాడినవాళ్లు, అది నిలబడ్డ నేలను ముట్టుకోలేదు.

ఆ నేల మీద డెన్వర్ కూడా ఉంది. అక్టోబర్ 30, శనివారం రాత్రి అక్కడ డెమొక్రాట్ల ఊరేగింపు, చైనావాళ్ల మీద ప్లకార్డులు. మర్నాడు వాజీ వీధి సారా దుకాణంలో పూల్ ఆడుకుంటున్న ఇద్దరు చైనావాళ్లతో తాగుబోతులు గొడవ పెట్టుకున్నారు. సాయంత్రానికి గుంపు వేలల్లోకి పెరిగింది. ఫైర్ ఇంజన్ల నీళ్లు కొట్టి చెదరగొట్టబోతే జనం ఇంకా రెచ్చిపోయారు. చాకలి దుకాణాలు నేలమట్టమయ్యాయి. ఒక చాకలి కుర్రాణ్ని కొట్టి చంపారు. మిగిలినవాళ్లను ప్రాణం కాపాడటానికి జైల్లో దాచాల్సి వచ్చింది. ఆ రోజు గుంపుకు అడ్డుపడినవాళ్లలో పోలీసు రికార్డుకెక్కిన జూదరి జిమ్ మూన్ ఉన్నాడు. తుపాకీ పట్టుకుని ఒక చాకలి దుకాణం గుమ్మంలో నిలబడ్డాడు. వేశ్యాగృహం నడిపే లిజీ ప్రెస్టన్ ఉంది. ఆమె దగ్గరి ఆడవాళ్లు షాంపేన్ సీసాలు, పొయ్యి ఊచలు పట్టుకుని తమ ఇంట్లో దూరిన చైనావాళ్లను కాపాడారు. ఊళ్లో పెద్దమనుషులు ఏమయ్యారో మరి. హత్య కేసులో ఎవరికీ శిక్ష పడలేదు. 53 వేల డాలర్లకు పైగా నష్టం జరిగిందని చైనా పరిహారం అడిగితే వాషింగ్టన్ ఇవ్వలేదు.

గార్‌ఫీల్డ్ గెలిచాడు. తొంభై లక్షల పైచిలుకు ఓట్లలో తేడా పదివేలకు లోపు. కాలిఫోర్నియా ఆరు ఎలక్టోరల్ ఓట్లలో అయిదు పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది హంతకుడి తూటాకు బలయ్యాడు. ఆయన తర్వాత వచ్చిన చెస్టర్ ఆర్థర్, చైనా కూలీల రాకపై ఇరవై ఏళ్ల నిషేధం బిల్లును వెనక్కి కొట్టి, పదేళ్ల నిషేధానికి 1882 మే 6న సంతకం చేశాడు. పదేళ్లు కాస్తా 1943 దాకా సాగింది. ఈలోగా 1917 చట్టం నిషేధిత మండలంగా గీసిన గీతలోకి మన దేశమూ వచ్చింది. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో అమెరికా విమానం ఎక్కగలిగింది 1965 చట్టం వచ్చాకే.

తప్పేమిటని అడిగినవాళ్లు అసలే లేరా అంటే, ఉన్నారు. గార్‌ఫీల్డ్ పార్టీవాడే, ఆ లిన్ పట్టణం ఉన్న మసాచుసెట్స్ సెనేటరే జార్జ్ హోర్. 1882లో చట్టాన్ని జాతి వివక్షేనని నిలదీశాడు. 1902లో దాన్ని పొడిగిస్తుంటే మళ్లీ వ్యతిరేకించాడు. ఇంకొకరు, న్యూయార్క్‌లో పత్రిక నడిపిన వాంగ్ చిన్ ఫూ. 1883లో కెర్నీ ఆ ఊరు వచ్చినప్పుడు అతన్ని ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. ఆయుధం నీ ఇష్టం అన్నాడు: చాప్‌స్టిక్స్, ఐరిష్ ఆలుగడ్డలు, లేదంటే క్రప్ ఫిరంగులు. కెర్నీ ఒప్పుకోలేదు.