చెరువు నిండాకే నేలపట్టు ప్రయాణం

సూళ్లూరుపేట: నేలపట్టుకు పక్షుల రాక పంచాంగాన్ని బట్టి కాక వానలను బట్టి ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండి, అందులోని కడప చెట్ల మొదళ్లు మునిగిన తర్వాతే గూడబాతులు వాటిపై గూళ్లు కడతాయి. చుట్టూ నీరుంటే నక్కల వంటి జంతువులు చెట్ల దరికి రాలేవు. వానలు ముఖం చాటేసిన ఏడాది పక్షుల సంఖ్య పలచబడుతుంది. కాబట్టి సందర్శకులు సెలవులను కాక, చెరువులో నీటిమట్టాన్ని విచారించుకొని బయలుదేరడం మేలు.

దొరవారిసత్రం మండలంలోని ఈ చెరువు ప్రాంతాన్ని 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. గూడబాతులతో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు ఇక్కడ పిల్లలను పొదుగుతాయి. తల్లి పక్షి సంచివంటి ముక్కులో పిల్ల తల దూర్చి చేపలు తినే దృశ్యం చూడదగినది. ఆ చేపల కోసం గూడబాతులు పులికాట్ సరస్సు వరకు ఎగిరి వెళతాయి.

రాజహంసల తీరు వేరు. ఇవి ఇక్కడ గూళ్లు కట్టవు. పులికాట్‌లో నీరు పలచగా ఉన్నచోట నిలబడి మేత మేస్తాయి. సరస్సు మరీ నిండితే వాటికి కాలు మోపే చోటుండదు. నీరు కొంత తీశాక శ్రీహరికోట రహదారిలో అటకానితిప్ప వద్ద కనిపిస్తాయి. రెంటినీ ఒకే ప్రయాణంలో చూడదలచిన వారికి జనవరి, ఫిబ్రవరి మాసాలు అనుకూలం. పక్షుల పండుగ రోజుల్లో పక్షుల కంటే జనమే ఎక్కువ.

నేలపట్టులో కేకలు, ఈలలు వేయరాదు. బెదిరిన పక్షి గూడు వదిలి లేస్తే, అది తిరిగి వచ్చేలోగా కాకులు గుడ్లను ఎత్తుకుపోతాయి.